దేవకి సరే, యశోద ఎవరు?

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళ నోట ఒక మాట తరచు వింటుంటాం: “మా రొయ్య పిల్లల్ని పెట్టింది!” అందులో అబద్ధం లేదు. రాత్రి లైటు ఆర్పాక తల్లి రొయ్య తోక కింది నుంచి వందల కొద్దీ పిల్లలు నీళ్ళలోకి వస్తాయి. తెల్లారి చూస్తే ఒక్కటీ ఉండదు. రెండు వారాలకు మళ్ళీ అదే సంబరం, మళ్ళీ అదే ఖాళీ. దీన్ని రొయ్యల పెంపకం అనవచ్చా?

అనకూడదని నా అభిప్రాయం. కృష్ణుణ్ణి కన్నది దేవకి, పెంచింది యశోద. మన ట్యాంకుల్లో దేవకికి కొదవ లేదు. యశోదే లేదు. పుట్టిన పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా కనిపెట్టి ఉండడమే పెంపకం. రొయ్య విషయంలో ఆ పని వారాలు, నెలలు పడుతుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఊరు మారే మన ఇళ్ళలో అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బడిలో, చేతులు మారుతూ జరగాల్సిన పని. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు మనం ఉన్న చోటు సంగతి చూద్దాం. కామ్‌రేజ్ సముద్రం ఒడ్డున లేదు. తాపీ నది పక్కన, 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. డూమస్ బీచికి వెళ్ళాలంటే సూరత్ నగరమంతా దాటాలి. వెళ్ళి చూస్తే అక్కడ నీళ్ళు బురద రంగులో ఉంటాయి. ఖంబాత్ సింధుశాఖలో ఆటుపోట్లు మన దేశంలోకెల్లా పెద్దవి. అవి రోజూ అడుగునున్న ఒండ్రును పైకి కలియబెడతాయి. రీఫ్ అంటే పగడాల దిబ్బ. పగడాలకు తేట నీరు, వెలుతురు కావాలి. అందుకే ఈ తీరంలో రీఫ్ కనిపించదు. గుజరాత్‌లో రీఫ్ చూడాలంటే కచ్ సింధుశాఖకు, జామ్‌నగర్ వైపు వెళ్ళాలి. మన దేశంలో మొదటి సముద్ర జాతీయ పార్కు 1982లో ఏర్పడింది అక్కడే.

కాబట్టి ఇక్కడ రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్ళు సముద్రాన్ని ప్యాకెట్‌లో కొనుక్కోవాలి. ఆర్‌ఓ నీళ్ళలో సింథటిక్ సముద్రపు ఉప్పు కలుపుతారు. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్క. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలపాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు అది చిన్న పని కాదు. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు రోజూ మంచినీళ్ళు పోయకపోతే ట్యాంకులో ఉప్పదనం పెరిగిపోతుంది. ఈ ఒక్క పని నాలుగు రోజులు మరిచిపోతే చాలు, అందులో ఉన్నవన్నీ ఇబ్బంది పడతాయి.

ఇంత శ్రమపడి పెంచుకునేవాటిలో పేరున్నది క్లీనర్ రొయ్య. ఎర్రటి వీపు మీద పొడవునా తెల్లటి గీత, ముందుకు చాచిన పొడుగాటి తెల్లటి మీసాలు. “రొయ్యకు లేవా బారెడు మీసాలు” అని మనవాళ్ళు ఎగతాళిగా అంటారు. ఈ రొయ్యకు మాత్రం ఆ మీసాలే బోర్డు. అది మీసాలు ఊపుతూ రాతి మీద నిలబడితే పెద్ద చేపలు వచ్చి ముందు ఆగుతాయి, నోరు తెరుస్తాయి. రొయ్య చేప ఒంటి మీది పరాన్నజీవుల్నీ చచ్చిన చర్మాన్నీ ఏరి తింటుంది. మామూలుగా అయితే తనను మింగేసే చేప, ఆ సమయంలో దానికి హాని చెయ్యదు.

దీని కాపురం కూడా వింతే. పిల్ల రొయ్య ముందు మగదిగా ఎదుగుతుంది. తర్వాత ఒకే ఒంట్లో ఆడదీ మగదీ రెండూ అవుతుంది. అయినా తనకు తాను చాలదు, రెండో రొయ్య కావాలి. పాత పెంకు విడిచిన కొద్ది గంటల్లో జత కడుతుంది. ఆకుపచ్చని గుడ్లను తోక కింద ఉన్న కాళ్ళకు అంటించుకుని సుమారు రెండు వారాలు మోస్తుంది. వాటికి గాలి తగిలేలా ఆ కాళ్ళను ఆడిస్తూ ఉంటుంది. గుడ్లు రంగు మారి, వాటిలో వెండి చుక్కల్లా కళ్ళు కనిపించాయంటే సమయం దగ్గర పడిందన్నమాట. పిల్లలు చీకటిలోనే బయటికి వస్తాయి. అవి బయటికి రాగానే తల్లి మళ్ళీ పెంకు విడవడానికి సిద్ధమవుతుంది. అందుకే రెండు రొయ్యలున్న ట్యాంకులో ఎప్పుడూ ఏదో ఒకటి గుడ్లతో ఉంటుంది. గుడ్లు పెట్టించడంలో మన గొప్పేమీ లేదు. తిండి, నీరు సరిగ్గా ఉంటే అది అదే జరిగిపోతుంది.

అసలు కథ ఆ తర్వాతే. అప్పుడే పుట్టిన పిల్ల చూడడానికి రొయ్యలా ఉండదు. దాన్ని లార్వా అంటారు. అద్దానికి కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే తప్ప కనిపించనంత చిన్నది. నేల మీద నిలవలేదు, రాతిని పట్టుకోలేదు, నీటి వాలుకు కొట్టుకుపోతుంది. సముద్రంలో అయితే ప్రవాహంతో ఎంతో దూరం పోయి, ఎన్నోసార్లు పెంకు విడిచి, ఒక్కో దశ దాటి, చివరికి ఏదో రీఫ్ మీద దిగుతుంది. ట్యాంకులో నాలుగు గోడలే ఉంటాయి. పంపు దాన్ని లాగేస్తుంది. ఫిల్టరు పట్టేస్తుంది. చేపలు మింగుతాయి. పగడాలు, సీ అనిమోన్లు ఏరుకుంటాయి. ఒకవేళ ఇవన్నీ తప్పించుకున్నా, దాని నోటికి సరిపోయే తిండి ఆ తేట నీళ్ళలో దొరకదు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. సముద్రంలో కూడా వందల్లో ఒకటో రెండో బతుకుతాయి కదా, మిగతావి ఎవరికో ఆహారమే కదా, మా ట్యాంకులోనూ అదే జరుగుతోంది, తప్పేముంది అంటారు. నిజమే, ఒక లార్వాను చేప తినడం పాపమని నేను అనడం లేదు. అయితే సముద్రంలో ఆ ఒకటీ రెండూ మిగులుతాయి. ట్యాంకులో సున్నా మిగులుతుంది. ఆ సున్నా ఉన్నంతకాలం, మన రొయ్య ముసలిదై పోయిన రోజున మనం మళ్ళీ అంగడికే వెళతాం. అంగడిలో ఉన్న క్లీనర్ రొయ్యల్లో చాలామటుకు ఏదో సముద్రంలో, ఏదో రీఫ్ మీద పట్టి తెచ్చినవే. అంటే మన గాజుపెట్టెలో ఎన్నిసార్లు ‘పిల్లల్ని పెట్టింది’ అని సంబరపడినా, దూరాన ఒక రీఫ్ మీద ఒక రొయ్య తగ్గుతూనే ఉంటుంది. పెంపకం అనే మాట వాడాలంటే ఈ లెక్క మారాలి.

ఈ లెక్క బాగా తెలిసినవాళ్ళు మన తెలుగు నేల మీదే ఉన్నారు. భీమునిపట్నం నుంచి కాకినాడ దగ్గరి ఉప్పాడ దాకా తీరం వెంబడి రొయ్యల హేచరీలు వరసగా కనిపిస్తాయి. 1980ల చివరలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అంటే ఎంపెడా, విశాఖపట్నం దగ్గర మంగమారిపేటలో టాస్పార్క్ అనే హేచరీని పెట్టి దారి చూపింది. అంతకుముందు చెరువుల రైతులు సముద్రంలో, ఏటి మొగల్లో పట్టిన పిల్లల మీద ఆధారపడేవాళ్ళు. ఇవాళ మన సూరత్ జిల్లాలో ఓల్‌పాడ్, చోర్యాసీ వైపు కనిపించే రొయ్యల చెరువులకు కూడా పిల్లలు చాలావరకు ఆంధ్ర, తమిళనాడు హేచరీల నుంచే వస్తాయి. ఆక్సిజన్ నింపిన పాలిథీన్ కవర్లలో, అట్టపెట్టెల్లో, విమానాల్లోనూ వ్యాన్లలోనూ వస్తాయి. మనలాగే అవీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ట్రాన్స్‌ఫరై వచ్చినవే.

ఆ హేచరీల్లో ఒక పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. వనామీ తల్లి రొయ్య ఒక్కసారికి లక్షకు పైగా గుడ్లు వదులుతుంది. ఆ లక్షకూ రైతు పైసా ఇవ్వడు. గుడ్లు పొదిగి నాప్లియస్ అయినప్పుడూ ఇవ్వడు. నాప్లియస్ జోయియాగా, జోయియా మైసిస్‌గా, మైసిస్ పోస్ట్‌లార్వాగా మారి, పిల్ల నిలదొక్కుకుని, ‘పీఎల్ 10’ అనే దశకు వచ్చాక, పరీక్ష చేయించి, లెక్కపెట్టుకుని అప్పుడు డబ్బిస్తాడు. పుట్టిన సంఖ్యకు అక్కడ విలువ లేదు. నిలిచిన సంఖ్యకే విలువ. మన అక్వేరియం ప్రియులు ఈ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు. వందల పిల్లలు పుట్టాయని చెప్పుకోవడం మాని, ఎన్ని దిగాయో చెప్పమనండి.

అయితే హేచరీ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇంటికి తేలేము. వనామీ గుడ్లను మోయదు, నీళ్ళలోకి వదిలేస్తుంది. అవి ఒక్క రోజు లోపే పొదుగుతాయి. అక్కడి నుంచి పోస్ట్‌లార్వా కావడానికి సుమారు 10 నుంచి 12 రోజులు చాలు. క్లీనర్ రొయ్య లార్వాకు రెండు నెలల నుంచి ఐదు నెలల దాకా పడుతుంది. పక్కపక్కన పెట్టి చూడండి. ఓల్‌పాడ్ చెరువులో వేసిన వనామీ పిల్ల మూడు, నాలుగు నెలల్లో పట్టుబడికి వచ్చి ప్లేటులోకి చేరుతుంది. అన్ని రోజుల తర్వాత కూడా క్లీనర్ రొయ్య పిల్ల ఇంకా లార్వాగా నీళ్ళలో తేలుతూనే ఉండవచ్చు. అన్నాళ్ళూ దానికి ప్రతిరోజూ ఎవరో ఒకరు తిండి పెట్టాలి.

ఆ తిండి కూడా ప్యాకెట్ విప్పి చల్లేది కాదు. ఆర్టీమియా అనే ఉప్పుమడుల జీవి గుడ్లను ఉప్పునీళ్ళలో గాలి కొడుతూ ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. అలా వచ్చిన పిల్లల్ని తాజాగా వడగట్టి లార్వాలకు వెయ్యాలి. ఆలస్యమైతే వాటిలో సత్తువ తగ్గిపోతుంది. కాబట్టి ఈరోజు తిండి కోసం నిన్ననే గుడ్లు నానబెట్టాలి. రేపటి కోసం ఈరోజు నానబెట్టాలి. ఇడ్లీపిండి రుబ్బే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ క్రమం కొత్త కాదు. ఒక్కరోజు తప్పితే మర్నాడు పస్తే.

లార్వాలను పట్టే పద్ధతి తేలికే. అవి వెలుతురు వైపు వస్తాయి. గుడ్లు విడిచే రాత్రి పంపులు ఆపి, గదిలో లైట్లు ఆర్పి, ట్యాంకు ఒక మూల టార్చి పెడితే అక్కడికి చేరతాయి. గ్లాసుతో ముంచి వేరే పాత్రలో పోసుకోవాలి. ఆ పాత్రకు మూలలు ఉండకూడదు, గుండ్రంగా ఉండాలి. ఫిల్టరు ఉండకూడదు. బుడగలు మెల్లగా వస్తూ నీటిని నెమ్మదిగా తిప్పాలి. అడుగున పడిన మిగులు తిండిని రోజూ సన్నని గొట్టంతో తీసి, అంతే ఉప్పదనం, అంతే వేడి ఉన్న నీళ్ళు తిరిగి పోయాలి. లేకపోతే అమోనియా పెరిగి అన్నీ పోతాయి. ఇందులో ఏ పనీ కష్టం కాదు. ప్రతిరోజూ చెయ్యడమే కష్టం.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. నాన్నకో అమ్మకో ఆర్డర్ వస్తుంది. ఎక్కువగా వేసవిలోనే వస్తుంది. పది రోజుల్లో సామాను కట్టాలి. సైకిలు, ఫ్రిజ్, పుస్తకాల పెట్టెలు లారీ ఎక్కుతాయి. రీఫ్ ట్యాంకు ఎక్కదు. గాజు పగలకుండా తీసుకెళ్ళినా అందులోని ప్రాణం దారిలో చెదిరిపోతుంది. ట్యాంకులో చేపల వ్యర్థం వల్ల పుట్టే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళలో, ఇసుకలో కాపురముంటుంది. కొత్త ట్యాంకులో అది స్థిరపడడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మే నెల ఎండలో రెండు రోజులు లారీలో ఎండిన రాళ్ళలో అది మిగలదు. కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. లార్వాలు ఉన్న పాత్రనైతే ప్రయాణం చేయించాలనే ఆలోచన కూడా అనవసరం.

అందుకని పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: “మనలాంటివాళ్ళకు ఇలాంటి సరదాలు ఎందుకు? రిటైరయ్యాక చూసుకుందాం.” కుక్కపిల్ల గురించీ ఇదే మాట, మామిడిమొక్క గురించీ ఇదే మాట. నేను దీనితో సగమే ఏకీభవిస్తాను. రీఫ్ ట్యాంకు మన క్వార్టర్స్‌లో వద్దు అనేదాకా ఒప్పుకుంటాను. కానీ ఊరు మారేవాళ్ళు దేన్నీ దీర్ఘకాలం పెంచలేరు అనే మాట ఒప్పుకోను. ఎందుకంటే మన అమ్మానాన్నల ఉద్యోగాలు నడిచేదే దానికి విరుద్ధంగా. ఆఫీసులో మనిషి మారతాడు, పని ఆగదు. ట్రాన్స్‌ఫరైన ఉద్యోగి చార్జి అప్పగించనిదే రిలీవ్ కాడు. ఏ ఫైలు ఎక్కడ ఉందో, ఏ తాళం ఏ బీరువాదో, ఏ పని సగంలో ఉందో రాసి, ఇచ్చినవారు ఒక సంతకం, తీసుకున్నవారు ఒక సంతకం పెడతారు. ఈ పద్ధతి ఉన్న ఇళ్ళలో పుట్టిన పిల్లలం మనం. రొయ్య పిల్లకు కావలసింది సరిగ్గా ఇదే.

కాబట్టి నా సూచన ఇది. రీఫ్ ట్యాంకు ఇంట్లో కాకుండా బడి బయాలజీ ల్యాబులో ఉండాలి. దానికి ఒక చార్జి పుస్తకం ఉండాలి. తేదీ, వేడి, ఉప్పదనం, పోసిన మంచినీళ్ళు, వేసిన తిండి, మార్చిన నీళ్ళు, లార్వాల అంచనా సంఖ్య, చనిపోయినవి, ఎందుకు అనుకుంటున్నాం, చివర సంతకం. ఇద్దరిద్దరు పిల్లలు ఒక వారం చొప్పున చూసుకోవాలి. ఒక్కరు ట్రాన్స్‌ఫరైనా రెండోవాళ్ళు మిగులుతారు. వెళ్ళేవాళ్ళు చివరి పేజీలో అప్పగింత రాసి వెళ్ళాలి. నోటిమాటగా చెప్పిన జాగ్రత్తలు మనిషితోపాటే రైలెక్కి వెళ్ళిపోతాయి. పుస్తకంలో రాసినవి ఉంటాయి.

ఆ జాగ్రత్తల్లో కొన్ని ఎవరికీ తట్టనివి ఉంటాయి. చేపకు జబ్బు చేస్తే వేసే మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది. ఆ మోతాదుకు చేప కోలుకుంటుంది, రొయ్య చస్తుంది. దోమల కోసం గదిలో కొట్టే స్ప్రే మనకు దగ్గు తెప్పిస్తుందేమో, రొయ్య జాతిని మాత్రం చంపేస్తుంది. వానాకాలంలో కాలనీలో ఫాగింగ్ బండి వచ్చే రోజున ల్యాబు కిటికీలు మూసి, గాలి పంపు బయటి గాలిని లాగకుండా చూడాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి పక్కన ఉండాలి. ఇవన్నీ మొదటి ఏడాది పిల్లలు నష్టపడి నేర్చుకునేవి. రెండో ఏడాది పిల్లలు చదివి నేర్చుకోవాలి.

కాలం కూడా కలిసొచ్చేలా చూసుకోవచ్చు. వేసవి సెలవులయ్యాక జూన్ ఆఖరులో ట్యాంకు నింపితే జూలై చివరికి బ్యాక్టీరియా స్థిరపడుతుంది. ఆగస్టులో రొయ్యల జత వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులో అవి పెట్టే గుడ్లను చూస్తూ లెక్కలు రాయడం, ఆర్టీమియా పొదిగించడం సాధన చెయ్యాలి. అసలు ప్రయత్నం దీపావళి సెలవుల తర్వాత. అప్పటికి ఎండ తగ్గుతుంది, శీతాకాలపు సెలవుల దాకా బడి వరసగా ఉంటుంది. ఆ వ్యవధికి క్లీనర్ రొయ్య సరిపోదు. దాని బంధువే అయిన పెప్పర్‌మింట్ రొయ్యను ఎంచుకోవాలి. దాని లార్వాలు అన్నీ కుదిరితే నెల నుంచి ఆరు వారాల్లో దిగుతాయి. విదేశాల్లో కొందరు పెంపకందార్లు వీటిని పెంచి అమ్ముతున్నారు కూడా. ముందు నెల రోజుల పరీక్ష నెగ్గి, తర్వాత ఐదు నెలల పరీక్షకు కూర్చుందాం.

ఖర్చు ఎక్కువ కదా అని ఎవరైనా అడగవచ్చు. ఎక్కువే. అందుకే పది ఇళ్ళలో పది ట్యాంకులకు బదులు బడిలో ఒకటి అంటున్నాను. అదీ వీలుకాని బడి మంచినీటి చెర్రీ రొయ్యలతో మొదలుపెట్టవచ్చు. వాటికి ఉప్పు అక్కర్లేదు, చిల్లరు అక్కర్లేదు. వాటి గుడ్ల నుంచి లార్వా కాక, తల్లిలాగే ఉండే బుల్లి రొయ్య నేరుగా బయటికి వస్తుంది. నెల రోజులు గుడ్లు మోసి, నడిచే పిల్లల్ని చేతికిస్తుంది. ఒకే రొయ్య జాతిలో ఒక తల్లి వేల పిల్లల్ని అలలకు వదిలేస్తే, ఇంకో తల్లి కొన్నింటినే తయారుచేసి పంపుతుంది. ఈ రెండు దారుల తేడా పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంలో ఉంటుంది. రెండు పాత్రలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు దాన్ని పరీక్ష తర్వాత కూడా మరిచిపోరు.

చెయ్యకూడని పనులు కూడా ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలి. రీఫ్ అనగానే పగడం ముక్క కావాలనిపిస్తుంది. మన దేశంలో రీఫ్‌ను కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. పులికి ఉన్న షెడ్యూలే. సముద్రం నుంచి తెచ్చిన పగడాన్ని అలంకారానికి కొనడం నేరంలో పాలుపంచుకోవడమే. రొయ్యకు దాక్కోవడానికి రంధ్రాలున్న సిరామిక్ రాయి చాలు.

రెండోది, ట్యాంకులోని ఏ ప్రాణినీ, ఏ నీటినీ తాపీలో వదలకూడదు. ట్రాన్స్‌ఫర్ హడావిడిలో ‘నదిలో వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతాయి’ అని తోస్తుంది. సింగణపోర్ కాజ్‌వేకు ఎగువనున్న ఈ తాపీ మంచినీటి నది. ఉప్పునీటి రొయ్య అందులో స్వేచ్ఛగా చస్తుంది. మంచినీటి ప్రాణి అయితే అంతకంటే పెద్ద ప్రమాదం, అది బతికి పిల్లల్ని పెట్టవచ్చు. అక్వేరియం అద్దాల మీది పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప ఇవాళ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, నదుల్లో పెరిగి, జాలర్ల వలల్ని చించుతూ దెయ్యం చేప అనే పేరు తెచ్చుకుంది. దాన్ని ఎవరూ పగబట్టి వదల్లేదు. ఇంట్లో చోటు చాలనివాళ్ళు జాలిపడి వదిలారు.

రోగాల మాట కూడా ఉంది. 1994-95లో వచ్చిన తెల్లమచ్చ వ్యాధి ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్యల చెరువుల్ని ముంచేసి ఎన్నో కుటుంబాల్ని అప్పుల్లోకి నెట్టింది. ఆ దెబ్బ తెలిసింది కాబట్టే, 2009లో వనామీని అనుమతించినప్పుడు విదేశాల నుంచి వచ్చే ప్రతి తల్లి రొయ్యనూ చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు పంపాలని నియమం పెట్టారు. ఓల్‌పాడ్ చెరువుల మీద ఎందరో రైతులు బతుకుతున్న జిల్లా ఇది. ఎక్కడి నుంచో వచ్చిన మన అలంకార రొయ్య నీటిని కాలువలో పారబోసే ముందు బ్లీచింగ్ వేసి ఒక రోజు ఉంచడం మనకు పెద్ద పని కాదు.

ఇదంతా పిల్లలతో అయ్యే పనేనా అనేవాళ్ళకు లక్షద్వీప్‌ను చూపిస్తాను. అక్కడి అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ, అంటే ఎన్‌బీఎఫ్‌జీఆర్, రీఫ్‌లో ఉండే అలంకార రొయ్యల్ని పుట్టించి పెంచే పద్ధతిని రూపొందించింది. దాన్ని దీవిలోని మహిళలకు నేర్పింది. వాళ్ళు ఇళ్ళ దగ్గర చిన్న యూనిట్లలో రొయ్యల్ని పెంచారు. రీఫ్ మీద పట్టకుండానే రీఫ్ రొయ్యను అమ్మవచ్చని మన దేశంలోనే చూపించారు. వాళ్ళకు తోడు నిలిచింది ఇంకా నేర్చుకోవాలనే ఓపిక, రోజూ చేసే పని. మనకు దగ్గరలోనూ అడగడానికి చోట్లున్నాయి. నవ్‌సారీలో కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా వారి గుజరాత్ పరిశోధన కేంద్రం ఉంది. పాల్ ప్రాంతంలో సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే జగదీశ్‌చంద్ర బోస్ అక్వేరియం ఉంది. ఏటా వెళ్ళే విహారయాత్రల్లో ఒకటి ఇటు మళ్ళించి, నీళ్ళు ఎలా మారుస్తారో, లార్వాలకు ఏం పెడతారో అక్కడివాళ్ళను అడిగి రాసుకు రావచ్చు.

చివరగా ఒక మాట. ఈ ప్రయత్నంలో మొదటి ఏడాది ఒక్క రొయ్యా దిగకపోవచ్చు. రెండో ఏడాది మూడు దిగవచ్చు. ఆ మూడింటి కోసం రాత్రుళ్ళు టార్చి పట్టుకున్న పిల్లలు అప్పటికి జోధ్‌పూర్‌లోనో, తేజ్‌పూర్‌లోనో, విశాఖలోనో ఉండవచ్చు. వాళ్ళు ఆ రొయ్యల్ని చూడరు. అయినా ఆ మూడింటి లెక్కలో వాళ్ళ వారాలు ఉన్నాయి, వాళ్ళ సంతకాలు ఉన్నాయి. యశోద ఒక్కతే అయి ఉండాలని నియమమేమీ లేదు. పదిమంది వరసగా నిలబడితే అదీ యశోదే.

విజ్ఞాన ప్రదర్శనకు ట్యాంకు పెట్టాలనుకుంటున్న మిత్రులు గాజుపెట్టె ధర కనుక్కునే ముందు నలభై రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. ఎడమ పక్క ‘అప్పగించినవారు’, కుడి పక్క ‘స్వీకరించినవారు’ అని గీత గీయండి. కుడి పక్క రాయడానికి ఇంకో పేరు దొరికాకే ఉప్పు కలపండి.